మా ఆవిడ చెప్పిన సాక్ష్యం

మా ఆవిడ నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడిందంటే ఆ రోజు గోడ మీద రాసి పెట్టుకోవలసిందే. చుట్టాలొస్తే నవ్వేది, మంచినీళ్ళిచ్చేది, వంటింట్లోకి వెళ్ళిపోయేది. కూరగాయలవాడు తూకంలో మోసం చేస్తుంటే కళ్ళారా చూసి కూడా ఇంటికొచ్చాకే నాతో చెప్పేది. "అక్కడే అడగొచ్చుగా!" అని నేను కేకలేస్తే, "పోనిద్దురూ, పిల్లలున్నవాడు" అనేది. అలాంటి మనిషి బుధవారం మధ్యాహ్నం మా చర్చిలో స్త్రీల సమాజం కూటానికి వెళ్ళి సాక్ష్యానికి లేచి నిలబడితే మాత్రం ఆ గొంతు రోడ్డు మీద పోయే ఆటోవాడికి కూడా వినబడేది.

సాక్ష్యమంటే తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. పాటలయ్యాక అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య, "ప్రభువు చేసిన మేలు చెప్పుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. ఒకరు లేచి తమకు జరిగినది చెబుతారు. మిగిలినవాళ్ళు "స్తోత్రం" అంటారు. ఇందులో ఒక మర్యాద ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పి కూర్చుంటే దేవుడికేదో తక్కువ చేసినట్టు. అందుకని మూడు రోజుల జ్వరం "చావు అంచుదాకా వెళ్ళొచ్చేనండీ" అవుతుంది. అది అబద్ధమని మా ఊళ్ళో ఎవరూ అనుకోరు. ఇరవై రకాలు వడ్డించి "ఏదో పచ్చడి మెతుకులండీ, ఏమనుకోకండి" అనే ప్రాంతం మాది. విస్తరి ముందు తగ్గించి చెప్పడం ఎంత మర్యాదో, దేవుడి ముందు పెంచి చెప్పడం అంత మర్యాద. దీన్ని ఇన్సూరెన్సు కంపెనీకి ఎలా వివరించాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది మామిడికుదురు దగ్గర ఒక ఊరు. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. ఐదేళ్ళ కిందట ఒక శుక్రవారం మా ఆవిడ ఉపవాస ప్రార్థనకి వెళ్ళి, మూడింటిదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి, ఇంటికొచ్చి ఆ ఆకలి మీద రొయ్యల ఇగురుతో అన్నం తింది. గంట తిరక్కుండా గుండెల్లో నొప్పంటూ మంచం మీద పడిపోయింది. ఒళ్ళంతా చెమట. నేను హడలిపోయి ఆటోలో రాజోలు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరుగారు మా నాన్న కాలం నుంచీ మమ్మల్ని చూస్తున్న పెద్దాయన. ఈసీజీ తీశారు, పొట్ట నొక్కి చూశారు, "గేసండీ మాస్టారూ! ఖాళీ కడుపున రొయ్యలేంటమ్మా?" అని ఒక సీసా మందూ నాలుగు మాత్రలూ ఇచ్చి పంపేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ గట్టిగా త్రేన్చింది. నేను పకపకా నవ్వాను. జరిగినది అంతే.

తరువాతి బుధవారం చెప్పిన సాక్ష్యంలో అది "గుండెల్లో నొప్పి" గానే ఉంది. క్రిస్మస్ నాటికి "గుండెపోటు" అయింది. మరుసటి ఏడాదికి డాక్టరుగారు చేతులెత్తేశారు, నాడి దొరకలేదు, నేను తల పట్టుకుని భోరున ఏడుస్తున్నాను. నేనేడవడమేమిటి! కూటం అయ్యేవేళకి నేను బండి మీద వెళ్ళి గుమ్మం దగ్గర కాచుకుని ఉండేవాణ్ణి కనుక ఇదంతా నా చెవుల పడేది. దారిలో ఏడిపించేవాణ్ణి. "ఈసారి నన్ను ఏడిపించావు, వచ్చే ఏడాదికి నిన్ను పెట్టెలో పెట్టించేస్తావా ఏమిటి?" అంటే వెనకనుంచి నా వీపు మీద చిన్న దెబ్బ వేసేది.

"మీకు లెక్కలు తప్ప ఏం తెలుసండీ. ఆ వేళ నాకు ప్రాణం పోయినట్టే అనిపించింది. నా లోపలి సంగతి ఆ యంత్రానికేం తెలుసు?" అనేది.

నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటగానే ఉండేది. ఏడాది పొడుగునా నోరెత్తని మనిషి, ఆ ఐదు నిమిషాలూ నలభైమంది ఆడవాళ్ళని ఊపిరి బిగబట్టించేది.

మా ఇద్దరికీ ఆరోగ్య పాలసీ తీసుకున్నది ఆ తర్వాతే, ఇప్పటికి మూడేళ్ళ కిందట. ఏజెంటు ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చి, జబ్బులేమన్నా ఉన్నాయా అని అడిగాడు. నాకు సుగరుందని చెప్పాను. "ఎందుకండీ మాస్టారూ అవన్నీ రాయడం?" అన్నాడు. నేను వాడి మీద విరుచుకుపడ్డాను. "ఉన్నది ఉన్నట్టు రాయవయ్యా, రేపు కొంప మునిగాక ఎవడిది పూచీ?" అన్నాను. మా ఆవిడ పేరు కింద అన్ని గడుల్లోనూ "లేదు" అని కొట్టాడు. నిజంగానే ఏమీ లేవు. సంతకం పెడుతున్నప్పుడు ఆ బుధవారాల సంగతి నాకు తట్టలేదు. ఎవడికి మాత్రం తడుతుంది?

కిందటేడు వానలు వెనకబట్టాక ఆవిడకి ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే ఆయాసం, చర్చి మెట్లు ఎక్కితే ఆయాసం. ఈసారి గేసు కాదు. కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చితే యాంజియోగ్రామ్ తీసి, గుండె రక్తనాళాలు మూడు చోట్ల పూడుకుపోయాయన్నారు. బైపాస్ చెయ్యాలి, నెల దాటించొద్దన్నారు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మాకు రాదు, నా జీతంలో ఆదాయప్పన్ను కోత ఉంది కనుక. "పాలసీ ఉందండీ" అని దర్జాగా చెప్పాను. ఆ దర్జా తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆసుపత్రిలో కింది అంతస్తున ఇన్సూరెన్సు బల్ల ఒకటుంది. దాని ముందు బెంచీల నిండా జనం, అందరి చూపూ ఫోను మీదే. అప్రూవల్ వచ్చిందా, రాలేదా? అల్లవరం నుంచి వచ్చిన రొయ్యల చెరువు ఆసామి ఒకాయన నా పక్కన కూర్చుని ఉండేవాడు. ఆయన తండ్రికి కిడ్నీ ఆపరేషను. ముసలాయన చుట్ట తాగుతాడని డ్యూటీ డాక్టరు కాగితం మీద రాశాడట, కంపెనీ అది పట్టుకుని కుదరదంది. "చుట్టకీ కిడ్నీకీ ఏటండీ సంబంధం?" అని కనబడ్డవాళ్ళందరినీ అడుగుతున్నాడు. బల్ల దగ్గరున్న అమ్మాయి నాతో, "మొదటిసారి వద్దనడం మామూలేనండీ, కంగారు పడకండి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మామూలేంటమ్మా? ప్రతి ఏడూ నేను డబ్బు కట్టేటప్పుడు మొదటిసారి ఒకలా, రెండోసారి ఒకలా కట్టేనా?" అన్నాను. "ఆయ్, నిజమేనండీ" అని ఆ పిల్ల తరువాతివాళ్ళ కాగితాలు అందుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను ఎకో రిపోర్టు కోసం కిందికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. గదిలో మంచం పక్కన కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమబొట్టు, ఒళ్ళో నల్ల బ్యాగు. కళ్ళు మూసుకుని తల వంచుకుని ఉన్నాడు. మా ఆవిడ సెలైన్ సూది ఉన్న చెయ్యి ఆయన నెత్తి మీద పెట్టి ప్రార్థన చేస్తోంది.

"ప్రభువా, ఈ బిడ్డ తల్లిగారి మోకాళ్ళు నీ చేతులకి అప్పగిస్తున్నాను..."

చివర్న ఆయన ఆమెన్ కూడా అన్నాడు. మంచం మీద ఆయన ఫోను ఉంది. తెర మీద ఎర్ర చుక్క వెలుగుతోంది, కింద సెకన్లు నడుస్తున్నాయి.

"ఇన్సూరెన్సువారి తరఫున వచ్చేరండీ. చాలా మంచివారు" అంది మా ఆవిడ. ముఖం వెలిగిపోతోంది. "ఇంతకుముందెప్పుడైనా గుండెకి ఏమన్నా వచ్చిందా అమ్మా అని అడిగేరు. అంతా చెప్పేనండీ."

"అంతా అంటే?"

"అదేనండీ. నా సాక్ష్యం."

"అయ్యా, అది గేసండీ! రొయ్యలు తిని గేసొచ్చింది, అంతేనండీ! ఇది చర్చిలో చెప్పుకునే మాటండీ" అని ఏదేదో వాగాను. ఆయన లేచి నిలబడి చేతులు జోడించాడు. "కంగారు పడకండి సార్. అమ్మగారు అన్నీ వివరంగా చెప్పేరు. మా అమ్మతో చెప్తానండీ, మీరు ప్రార్థన చేసేరని" అన్నాడు. ఆయన అది నిజంగా వెళ్ళి చెప్పే ఉంటాడు. మనిషి చెడ్డవాడేమీ కాడు. తన పని తను చేసుకుపోయాడు.

మర్నాడు సాయంత్రం నా ఫోనుకి ఇంగ్లీషులో సందేశం వచ్చింది. పాలసీకి రెండేళ్ళ ముందే రోగికి తీవ్రమైన గుండెపోటు వచ్చింది, ఆ వాస్తవాన్ని దాచిపెట్టారు, కాబట్టి చెల్లించము. చేతిలో అంత డబ్బు లేక, మందులు రాయించుకుని ఇంటికి వచ్చేశాము. బస్సు కుదుపులు పనికిరావని కారు మాట్లాడాను. దారి పొడుగునా ఆవిడ ఒకటే మాట. "నేనేం తప్పు చేసేనండీ? ఆయన దేవుడి సంగతి వినాలనుకున్నారు కదా అని చెప్పేను."

ఆ తర్వాత మూడు వారాలు కంపెనీవాళ్ళకి ఫోన్లు చెయ్యడమే నా ఉద్యోగం అయిపోయింది. ఎప్పుడు చేసినా ఒక తియ్యని గొంతు, "సార్, మీ మిసెస్‌గారే స్వయంగా చెప్పారు సార్, రికార్డింగ్ ఉంది సార్." రాజోలు డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఐదేళ్ళ నాటి ఈసీజీ ఎక్కడుంటుంది? "అప్పుడు గుండెకేమీ లేదండీ బాబూ, ఎవడొచ్చినా చెప్తాను" అని పెద్దాయన పాపం వణికే చేతులతో ఉత్తరం రాసిచ్చారు. స్టాఫ్‌రూములో ఈ గొడవ చెబితే తలా ఒక కథ ఎత్తుకున్నారు. ఒకరి తల్లికి కంటి ఆపరేషను, ఒకరి తమ్ముడికి ప్రమాదం. అడిగినది అడిగినట్టు మొదటిసారే వచ్చిందన్నవాడు ఒక్కడు లేడు. చివరికి కంపెనీ ఫిర్యాదుల అధికారి ఒక దారి చెప్పాడు. ఆసుపత్రిలో చెప్పినది వాస్తవం కాదని రోగే అఫిడవిట్ ఇస్తే, డాక్టరు ఉత్తరంతో కలిపి మళ్ళీ పరిశీలిస్తారట.

అమలాపురంలో కోర్టు దగ్గర స్టాంపు కాగితం మీద టైపు చేయించి తెచ్చాను. "నాకు గుండెపోటు వచ్చిందని, దేవుని వలన బ్రతికితినని నేను చెప్పిన మాటలు వాస్తవము కావు." చదివి వినిపించాను. ఆవిడ పెన్ను ముట్టలేదు.

"ఇది నేను పెట్టలేనండీ."

"ఏం? అది గేసేగా?"

"డాక్టరుగారికి గేసండీ. నాకు కాదు. దేవుడు ఏం చెయ్యలేదని సంతకం పెట్టమంటున్నారు మీరు."

"నీ ప్రాణం మీదికొచ్చింది, ఇంకా సాక్ష్యం సాక్ష్యం అంటావేంటే!" అని అరిచాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అలా ఎప్పుడూ అరవలేదు.

"ప్రాణం ఇచ్చేడనే కదండీ ఆ సాక్ష్యం" అంది మెల్లగా.

నేను రెండు రోజులు అన్నం తినడం మానేశాను. అలక అనండి, మొండితనం అనండి, ఆవిడ మీద పనిచేసే ఆయుధం అదొక్కటేనని నాకు తెలుసు. మూడో రోజు పొద్దున్న కంచంలో ఇడ్లీ పెట్టి నా ముందుకి తోసింది. "పెడతానండీ. కాని ఒకటి. కాగితం మీద అబద్ధమని రాసి, అక్కడ నిజమని ఊరుకోలేను. ముందు చర్చిలో చెప్పాలి, తర్వాతే సంతకం" అంది. వద్దన్నాను. కంపెనీకి చర్చితో పనేమిటన్నాను. వినలేదు. అయినా నేను గట్టిగా ఆపలేదు. నాకు సంతకం కావాలి, అంతే.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు సాక్ష్యాలకి పిలవగానే లేచింది. గోడ పట్టుకుని నిలబడింది. ఆ పెద్ద గొంతు ఏమైపోయిందో, ముందు వరసకి కూడా సరిగ్గా వినబడలేదు. "నేను ఇన్నాళ్ళూ గుండెపోటని చెప్పేను. అది గుండెపోటు కాదట. డాక్టరుగారు చేతులెత్తెయ్యలేదు. మా ఆయన ఏడవలేదు. మీరందరూ నన్ను క్షమించాలి." ఒక్కళ్ళు స్తోత్రం అనలేదు. ఏమనాలో వాళ్ళకీ తెలియలేదు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు.

బయటికొస్తుంటే ఒక ముసలావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. మా వరసకి పిన్నిగారు అవుతుంది. కోపం లేదు ఆవిడ గొంతులో, బెంగే ఉంది. "నీ సాక్ష్యం ఇని, నాకూ అలాగే చేత్తాడని మా మనవరాలి కోసం ప్రార్థన చేసుకుంటన్నానే అమ్మా. మరి నేనేం చెయ్యాలి?" అని అడిగింది. మా ఆవిడ ఆవిడని కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను బండి స్టార్టు చేసి, తొందరగా రమ్మని హారన్ కొట్టాను. అవును, కొట్టాను. ఆ పాపం నాది.

సోమవారం సంతకం పెట్టింది. కాగితాలు పంపించాను. బుధవారాలు కూటానికి వెళ్ళడం మానేసింది. అమ్మగారు ఇంటికొచ్చి పిలిచినా ఆయాసమని చెప్పింది. అన్నం రెండు ముద్దలు తినేది. హాల్లో కిటికీ దగ్గర మంచం వేశాను. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేది. డాక్టరు పెట్టిన నెల గడువు దాటిపోయింది. ఇక కంపెనీని నమ్మి లాభం లేదని నేను ఒక పక్క మా కాలేజీ యాజమాన్యాన్నీ, మా అన్నయ్యనీ అడిగి డబ్బు కూడదీస్తున్నాను. మరుసటి నెల మొదటివారంలో ఆపరేషనుకి వస్తామని కాకినాడకి ఫోను చేసి చెప్పాను కూడా.

కంపెనీ ఉత్తరం ఒక బుధవారం పొద్దున్న, నేను కాలేజీకి బయలుదేరబోతుండగా వచ్చింది. నిలబడే చదివాను. చదివి, ఉండ చుట్టి గోడకేసి కొట్టాను.

"ఏం రాసేరండీ?"

"ఏముంది, వెధవలు. ఇచ్చేది లేదన్నారు."

"తెలుగులో చెప్పండి. మొత్తం చెప్పండి."

ఆ ఉండని మళ్ళీ తీసి, విప్పి, మంచం మీద కూర్చుని చెప్పాను. "రోగి ఆసుపత్రిలో ఎవరి బలవంతమూ లేకుండా చెప్పిన మాటనే మేము నమ్ముతున్నాము. తరువాత ఇచ్చిన అఫిడవిట్ దానికి విరుద్ధంగా ఉన్నందున పరిగణించడం లేదు. పాలసీకి ముందే ఆమెకు తీవ్రమైన గుండెపోటు వచ్చి, దానినుంచి ఆమె కోలుకున్నదని విచారణలో తేలినది. పాలసీ రద్దు చేయడమైనది."

ఆవిడ మోచేతుల మీద లేచి కూర్చుంది. ఎన్ని రోజులైందో ఆ ముఖంలో అలాంటి వెలుగు చూసి.

"ఆ ముక్క మళ్ళీ చెప్పండి. గుండెపోటు వచ్చి?"

"వచ్చి, కోలుకున్నదని తేలినది."

"మరి చూసేరా!" అంది. "అంత పెద్ద కంపెనీ, మనిషిని పంపించి, విచారణ చేసి మరీ రాసేరు. అయితే నేను దేవుడి పేరు మీద అబద్ధమాడలేదండీ."

పిచ్చిదానా, డబ్బెగ్గొట్టడానికి రాసుకున్నారే అని నా నాలిక చివరిదాకా వచ్చింది. జన్మలో మొదటిసారి ఆ నాలిక కరుచుకున్నాను. ఆవిడ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుంది, పరుపు మీద పరిచి అరచేత్తో మడతలు సాపు చేసింది, బైబిల్లో పెట్టుకుంది. ఆ పూట చారు పెట్టించుకుని కడుపునిండా అన్నం తింది. అమ్మగారికి ఫోను చేయమంది. ఆదివారం లేచి చెబుతానంది, ఆ పిన్నిగారిని తప్పకుండా రమ్మనమంది. గురువారం మంచం మీద కూర్చుని, ఎలా మొదలెట్టాలో తనలో తనే గొణుక్కోవడం నేను విన్నాను.

శుక్రవారం నేను రెండో పీరియడ్ చెబుతుండగా పక్కింటివాళ్ళు ఫోను చేశారు. తల దువ్వుకుంటూ పక్కకి ఒరిగిపోయిందట. నేను ఇల్లు చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

చెప్పిన నెలలో ఆపరేషను జరిగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు నాకు విడమర్చి చెప్పనక్కర్లేదు. కేసు వెయ్యమంటున్నారు అందరూ. వేస్తాను. నా భార్యని ఈ కంపెనీవాళ్ళు చంపారని ఏ మెట్టెక్కమన్నా ఎక్కి అరుస్తాను. కాని ఒక్క సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. స్టాంపు కాగితం తెచ్చి ఆవిడని అబద్ధాలకోరుని చేసింది నేను. ఆవిడ మాట నిజమని రాసిచ్చింది వాళ్ళు. పోయేముందు ఆ రెండు రోజులూ ఆవిడ సంతోషంగా ఉందంటే అది వాళ్ళ పుణ్యమే. అందుకే వాళ్ళని ఈ జన్మలో క్షమించలేను.